పదకొండు తేదీల కాగితం

పడవ ఉద్యోగానికి పోదామనుకునే వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న జీతం గురించి. రెండోది, సముద్రం మీద వాంతులవుతాయా అని. మూడో ప్రశ్న ఎవరూ అడగరు. ఏడుగురు మనుషులు ఒక ఇనుప పెట్టెలో నెలల తరబడి ఉన్నప్పుడు, అందులో ఒకడి మీద ఇంకొకడికి అనుమానం పుడితే ఏమవుతుంది? దానికి నా దగ్గర జవాబుంది కాబట్టి అదే రాస్తున్నాను. మనుషుల పేర్లు, రేవు పేరు, దేశం పేరు రాయను. అంకెలు మాత్రం సరైనవే. సరైన అంకెలతో ఎంత తప్పు చేయవచ్చో అప్పుడే తెలుసుకున్నాను.

మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. ఇంట్లో రెండు మరమగ్గాలుండేవి. నా చదువు ఎనిమిదితో ఆగింది. లెక్క మాత్రం మగ్గం దగ్గరే వచ్చింది. అంగుళానికి ఎన్ని పోగులు, గంటకు ఎన్ని గజాలు, పోగు తెగి మగ్గం ఆగితే ఎంత నష్టం అన్నవి కాగితం లేకుండా చెప్పేవాణ్ని. తరువాత గల్ఫ్‌లో పదహారేళ్లు. చివరి ఆరేళ్లు ఒక రేవులో టగ్ మీద పనిచేశాను. పెద్ద ఓడలను లాగి, నెట్టి, ఒడ్డున జెట్టీకి ఆనించే పొట్టి పడవ అది. తాళ్లు విసరడం, తాళ్లు చుట్టడం, తుప్పు గీకి రంగు వేయడం నా పని. నా అంకెలు వరుసలో నిలబడతాయని మా కెప్టెన్ రోజువారీ రాత పుస్తకం కూడా నాకే అప్పగించాడు. ఎన్ని గంటలకు బయలుదేరాం, ఎన్ని గంటలకు తిరిగొచ్చాం, గాలి ఎటు నుంచి వీచింది, ఇంతే. కానీ పుస్తకం చేతికొచ్చాక నాకు ప్రతిదీ రాయాలనిపించేది.

కెప్టెన్ గుజరాత్ తీరం మనిషి. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే హిందీ. వంటాయన శ్రీకాకుళం వైపు మత్స్యకారుడు. ఇంజన్ గదిలో పనిచేసే ఆయన బెల్లంపల్లి నుంచి వచ్చాడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. అక్కడ మమ్మల్ని ఊరి పేరుతోనే పిలిచేవారు. నేను ఆయనకు మెట్‌పల్లిని, ఆయన నాకు బెల్లంపల్లన్న. మిగతా ముగ్గురికి ఈ సంగతితో పని లేదు.

యుద్ధం మాది కాదు. రెండు దేశాలు కొట్టుకుంటే నడుమ ఉన్న రేవు మాది. మొదటి వారంలోనే రేవు అధికారులు ఫోన్లన్నీ లాక్కోమని చెప్పారు. కెప్టెన్ వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి తాళం వేశాడు. పక్క టగ్ మీద ఒకడు ఇంకో ఫోన్ దాచుకుని, కాలుతున్న నూనె ట్యాంకు ఫొటో తీశాడట. కాపలా పడవ వచ్చి వాణ్ని తీసుకుపోయింది. మళ్లీ కనిపించలేదు. అప్పటి నుంచి అందరం ఒకరినొకరు చూసుకునే తీరే మారింది. ఎవడైనా స్నానానికి పోయి రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే, తలుపు వైపు నాలుగు కళ్లు తిరిగేవి.

బెల్లంపల్లన్న సాయంత్రం పూట చుక్కాని గది పైకప్పు ఎక్కడం నేను అప్పుడే గమనించాను. పొద్దు గూకే వేళకు ఇంజన్ గది నుంచి వచ్చి, చేతులు తుడుచుకుని, నిచ్చెనెక్కి పైన కూర్చునేవాడు. చేతిలో ఏదో చిన్నది ఉండేది. చీకటి పడ్డాక ఒక్కోసారి వెంటనే దిగేవాడు, ఒక్కోసారి దాడి ముగిసేదాకా దిగేవాడు కాదు. విమానాలు ఎక్కువగా పొద్దు గూకిన తరువాతే వచ్చేవి. మేం కింద తలలు దాచుకుంటే ఆయన పైన కూర్చునేవాడు.

ఒకరోజు అన్నం దగ్గర అడిగాను.

"అన్నా, రోజు మీదికెందుకు ఎక్కుతున్నవ్?"

"గాలికి."

"కింద గాలి లేదా?"

"కింద నువ్వున్నవ్ గద తమ్మీ. ఉన్నదంత నువ్వే పీల్చి పుస్తకంల రాస్కుంటివి."

వంటాయన గరిటె ఆపి నవ్వాడు. "మీ ఊరోళ్లేటో గానీ గురూ! ఒకడు లెక్కెడతాడు, ఇంకొకడు మేడెక్కుతాడు. మాయాళ్లయితే ఈపాటికి సముద్రంలోకి దూకీసి ఈదుకొనెలిపోదురు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వించినవాడు ఏదో దాస్తున్నాడని నా నమ్మకం.

ఆ రోజే ఒక కాగితం తీసుకుని గీతలు కొట్టి మూడు గళ్లు చేశాను. మొదటి గడిలో ఆయన పైకి ఎక్కిన వేళ. రెండో గడిలో విమానాలు వచ్చిన వేళ. మూడో గడిలో ఆ రెంటి మధ్య ఎంతసేపు. అంతకు ముందు రోజులవి రాత పుస్తకం చూసి, జ్ఞాపకం మీద నింపాను. దాడి జరిగిన ప్రతిరోజూ ఒక వరుస. యుద్ధం మొదలైన ముప్పై మూడో రోజుకు నా కాగితం మీద పదకొండు వరుసలు చేరాయి. పదకొండింట్లోనూ ఆయన ముందు ఎక్కాడు, విమానాలు తరువాత వచ్చాయి. ఒకసారి గంటన్నర తేడా, ఒకసారి ఐదు గంటలు. ఒక్కటి కూడా తప్పలేదు. పదకొండుకు పదకొండు. మగ్గం మీద అన్ని పోగులు వరుసగా ఒకే చోట తెగితే దాన్ని యాదృచ్ఛికం అనం, మగ్గంలోనే తప్పుందంటాం. నేను అలాగే అనుకున్నాను.

ఆ సాయంత్రం కాగితం తీసుకుపోయి కెప్టెన్‌కు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చూశాడు. వాడు మీ వాడే కదా అన్నాడు. మా వైపు వాడే, అందుకే చెబుతున్నాను అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. నిజాయితీపరుడిలా కనిపించాలని అయి ఉంటుంది. కెప్టెన్ కాగితం మడిచి సొరుగులో వేశాడు.

మరుసటి రోజు విమానాలు పట్టపగలు వచ్చాయి.

మధ్యాహ్నం మూడు దాటింది. మా టగ్ రేవు బయట, పెద్ద బండరాళ్ల కట్టకు ఇవతల లంగరు వేసి ఉంది. కట్ట అవతలే జెట్టీ. కింద డెక్ మీద నిలబడితే కట్ట అడ్డం వచ్చి జెట్టీ కనిపించదు, పైకప్పు ఎక్కితే కనిపిస్తుంది. మోత వినగానే మేమంతా లోపలికి ఉరికాం. బెల్లంపల్లన్న మాత్రం ఇంజన్ గది నుంచి వచ్చి, మాకు ఎదురుగా, పైకి ఎక్కాడు. నేను తలుపు సందులోంచి ఆయన కాళ్లు చూశాను. చెప్పులు కూడా లేవు.

పేలుళ్లు మొదలయ్యాయి. నేను లెక్కపెట్టాను, భయం వేసినప్పుడు నాకు చేతనైన పని అదే. ఒకటి, రెండు, కాసేపాగి మూడు, నాలుగు. ఐదో దానికి మా గిన్నెలన్నీ కిందపడ్డాయి. ఆరు. తరువాత విమానాల మోత దూరమైపోయింది. కట్ట అవతల నల్లటి పొగ లేచింది.

రెండు నిమిషాలకే రేడియోలో రేవు నుంచి ఆజ్ఞ వచ్చింది. జెట్టీకి ఒక ఖాళీ బార్జ్, సరుకు మోసే ఇంజన్ లేని పడవ, కట్టి ఉంది, మంటలు దాన్ని అంటుకోకముందే లాగేయండి, వెంటనే రండి. కెప్టెన్ లంగరు ఎత్తమన్నాడు. అప్పుడు బెల్లంపల్లన్న దిగివచ్చి చుక్కాని గది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"పోవద్దు సాబ్. పడ్డయి ఏడు, పేలినయి ఆరు. ఒకటి బార్జ్ పక్కన నీళ్లల్ల పడ్డది. నీళ్లు లేసినయి, సప్పుడు రాలే. అది లోపలున్నది."

ఈ మాట ముందు హిందీలో చెప్పి, కెప్టెన్ కదలకపోయేసరికి నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"నువ్వు చెప్పు తమ్మీ, నీ మాట ఇంటడు. మా బాపు బొగ్గు బాయిల తూటాలు పేల్చెటోడు. ఎన్ని పెట్టినమో అన్ని సప్పుళ్లు వినాలె. ఒకటి తక్కువైందనుకో, అర్ధగంట దాక ఎవ్వడు అటు పోవద్దు. మేస్త్రి తిట్టినా పోవద్దు. జర అర్ధగంట ఆపమను."

కెప్టెన్ నన్ను చూశాడు. నువ్వు ఎన్ని విన్నావు అని అడిగాడు.

ఆరు అన్నాను. ఏడు పడ్డాయని నాకు తెలియదు అన్నాను. రెండూ నిజాలే. కానీ నా మనసులో ఉన్నది వేరు. బార్జ్ కాలిపోవాలని, జెట్టీ మొత్తం అంటుకోవాలని, అందుకే వీడు మమ్మల్ని ఆపుతున్నాడని నేను ఆ క్షణంలో నిజంగా నమ్మాను.

కెప్టెన్ ఏమనుకున్నాడో ఏమో, లంగరు ఎత్తించాడు గానీ ఇంజన్ వేగం పెంచలేదు. కట్ట చివర దగ్గర ఆపి, ఇంజన్‌లో ఏదో ఇబ్బంది ఉందని రేడియోలో అబద్ధం చెప్పాడు. రేవు వాళ్లు అరుస్తూనే ఉన్నారు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. పద్దెనిమిదో నిమిషంలో బార్జ్ పక్కన నీళ్లు స్తంభంలా లేచాయి. బార్జ్ నడుము విరిగి, రెండు కొనలు పైకి లేచి మునిగిపోయింది. మా పడవ తాళ్లు కట్టుకుని సరిగ్గా అక్కడే ఉండాల్సింది. ఏడుగురం.

వంటాయన డెక్ మీద కూలబడి బెల్లంపల్లన్న కాళ్లు పట్టుకున్నాడు. "నువ్వు మడిసివి కావు గురూ" అని ఏడ్చాడు. ఆయన కాళ్లు వెనక్కు తీసుకుని, "లే, లే. పొయ్యి మీద పప్పు మాడుతున్నది" అన్నాడు.

అక్కడితో అయిపోతే ఇది మంచి జ్ఞాపకమే. కానీ గంట తరువాత కాపలా పడవ మా పక్కన ఆగింది. ఒక అధికారి, ఇద్దరు తుపాకీ వాళ్లు ఎక్కారు. ఆజ్ఞ ఇచ్చినా టగ్ ఎందుకు ఆగింది అన్నది వాళ్ల ప్రశ్న. కెప్టెన్ లైసెన్స్ పోయే సంగతి అది. ఆయన నిజం చెప్పాడు. ఇంకొకటి పేలుతుందని మావాడు ఒకడు చెప్పాడు, ఆగాం అన్నాడు.

అధికారి మొహం మారింది. పేలుతుందని వాడికి ముందే ఎలా తెలుసు?

ఒక్కసారి ఆలోచించండి. ఆయన లెక్క తప్పయి ఉంటే మేం ఆయనను తిట్టి మరిచిపోయేవాళ్లం. లెక్క సరిపోయింది కాబట్టే దొరికిపోయాడు. యుద్ధంలో సరిగ్గా చెప్పినవాణ్నే ముందు అనుమానిస్తారు.

బెల్లంపల్లన్న జేబులు వెతికారు. సిగరెట్ పెట్టె అట్టముక్క, బొటనవేలంత పెన్సిల్ దొరికాయి. రోజూ చేతిలో ఉన్నది అదే. అట్ట మీద నిలువు గీతలు, కొన్నిటి మీద అడ్డగీతలు. పడినదానికి నిలువు, పేలినదానికి అడ్డం అని చెప్పబోయాడు. వాళ్లు వినలేదు. అప్పుడు కెప్టెన్ సొరుగు తీశాడు. ఆయనను నేను తప్పు పట్టను. తన మీదకు వచ్చేదాన్ని ఇంకొకరి మీదకు మళ్లించాడు, అంతే. నా కాగితం బల్ల మీదకు వచ్చింది.

అధికారి దాన్ని చూసి అడిగింది బెల్లంపల్లన్న గురించి కాదు. దాడుల తేదీలు, గంటలు, నిమిషాలతో సహా ఇంత శుభ్రంగా రాసింది ఎవరు?

అలాంటి కాగితం కోసమే వాళ్లు ప్రతి పడవా గాలిస్తున్నారని అప్పుడు తట్టింది. నేను చెప్పిన మాట ఇది: "నేనే రాశాను సార్, ఇతని మీద కన్ను వేయడానికి." వచ్చీరాని హిందీలో, ఇతని అంటూ వేలు కూడా చూపించాను.

బెల్లంపల్లన్న కాగితం వైపు వంగి చూశాడు. పైనుంచి కిందకు, వరుస వరుసా చదివాడు. చెప్పులు తెచ్చుకోనిస్తారా అని మాత్రం అడిగాడు. వంటాయన పరిగెత్తి తెచ్చి ఇచ్చాడు. ఆయనను, నా కాగితాన్ని కాపలా పడవలో తీసుకుపోయారు. ఆ రోజు నుంచి వంటాయన నాకు కంచంలో వడ్డించడం మానేశాడు. గిన్నె ముందు పెట్టి వెళ్లిపోయేవాడు.

వాళ్లు ఆయనను పట్టి ఉంచిన తొమ్మిది రోజుల్లో మూడు దాడులు జరిగాయి. పైకప్పు మీద ఎవరూ లేరు, విమానాలు వచ్చాయి. మొదటిసారి అలా జరిగినప్పుడే నా అనుమానం తప్పని తెలిసిపోయింది. రెండోసారి తరువాత కెప్టెన్ దగ్గరకు పోయాను. మనం తప్పు చెప్పామని ఇప్పుడు చెబితే, ఆజ్ఞ ఎందుకు మీరావని మళ్లీ నన్నే అడుగుతారు అన్నాడాయన. కాపలా పడవ రోజూ మా పక్క నుంచే పోయేది. కేకవేస్తే వినిపించేంత దూరం. తొమ్మిది రోజులు కమ్మీ పట్టుకుని నిలబడి చూశాను. కేక వేయలేదు.

తరువాత తెలిసింది, ఆయనను వదిలేసి, అటునుంచి అటే విమానం ఎక్కించి ఇంటికి పంపారని. పేరు మాత్రం అనుమానం ఉన్నవాళ్ల జాబితాలో పెట్టారని. అంటే ఇక ఏ రేవులోనూ పని దొరకదు. నేను నాలుగు నెలలు ఉండి, ఒప్పందం ముగించుకుని వచ్చాను. వచ్చిన పదో రోజున బెల్లంపల్లి పోయాను.

పాత కార్మికుల క్వార్టర్లలో చివరి వరుస. సగం ఇళ్లకు తాళాలే. ఆయన భార్య వాకిట్లో బియ్యం చెరుగుతున్నది.

"ఎవలు?"

"మెట్‌పల్లి నుంచి వచ్చిన వదినా. అన్నతోని పడవల పనిచేసిన."

ఆమె చాట ఆపింది. "గా రాసినాయనవేనా?"

అవునన్నాను.

"కూసో. చాయ్ పెడ్త. చక్కెర ఎన్ని చెంచాలో లెక్క చెప్పు, మల్ల తప్పుపోతే కాయితం మీద ఎక్కిస్తవ్."

బెల్లంపల్లన్న బయటి నుంచి వచ్చాడు. మంచిర్యాలలో ఒక బైకుల షెడ్డులో పనికి పోతున్నాడట. మనిషి తగ్గాడు. నన్ను చూసి ఆగలేదు, కాళ్లు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నా, తప్పయింది" అన్నాను.

"తప్పు గాదు తమ్మీ. నువ్వు రాసిన పదకొండు కరెక్టే. నేను గూడ సరిచూసిన. గా ఆఫీసర్ నీ కాయితం రోజు నా ముందర పెట్టెటోడు. నేనేమో ఒక్కటే అడిగిన. సాబ్, నేను ముప్పై మూడు దినాలు ఎక్కిన. వాన పడ్డా ఎక్కిన, జొరమొచ్చినా ఎక్కిన. గీ కాయితంల పదకొండే ఉన్నయి. తక్కిన ఇరవై రెండు దినాలు విమానాలెందుకు రాలే? నేను పిలిస్తెనే అచ్చెటియైతే, గా ఇరవై రెండు దినాలు నా మాట ఇనలేదా?"

"ఏమన్నడు?"

"ఎనిమిది దినాలు ఏమనలే. తొమ్మిదో దినం నవ్విండు." చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు చెప్పు. గా ఇరవై రెండు ఎందుకు రాయలే?"

నేను చెప్పగలిగిన నిజం ఒక్కటే ఉంది. "ఏం జరగని దినం రాయనీకి ఏముంటదనుకున్న అన్నా."

ఆయన భార్య గడపలోంచి అంది. "జరగని దినాలల్లనే మేం బతికేది."

ఆయన ఆమెను ఊరుకోమనలేదు. "నువ్వు వచ్చినవ్, మంచిదే. మరి నా పేరు సంగతేంది?" అన్నాడు. ఆయనకు కావలసింది నా క్షమాపణ కాదు. పడవ పని.

మరుసటి రోజు మమ్మల్నిద్దరినీ గల్ఫ్‌కు పనికి పంపిన కరీంనగర్ ఆఫీసుకు పోయాను. రాత్రంతా కూర్చుని రాసిన రెండు పేజీలు ఇచ్చాను. ఆయన ముప్పై మూడు రోజులూ పైకి ఎక్కాడని, నేను పదకొండే రాశానని, ఆయన లేనప్పుడు మూడు దాడులు జరిగాయని, ఆయన మాట వల్లే ఏడుగురం బతికామని, ఈ సంగతి తెలిసీ నేను చెప్పలేదని. కింద సంతకం, వేలిముద్ర కూడా. ఇది ఆ రేవు అధికారులకు పంపండి అన్నాను.

ఆఫీసాయన రెండు పేజీలూ చదివి, నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఎవలు రాయించిండ్రు?"

"ఎవలు రాయించలే. నేనే రాసిన."

"గాయన ఇంటికి పోయినవా?"

"నిన్న పోయిన."

"చాయ్ తాగినవా?"

"తాగిన."

"గదే మరి" అన్నాడు. "నాలుగు నెలలు అక్కడుండి నోరు మూసుకున్నోనివి, ఇంటికచ్చినంక నీకు నిజం యాదికచ్చిందా? ఇది పంపితే నీ పేరు గూడ పోతది, ఎరికేనా?"

"ఎరికె. పంపుండ్రి."

పంపారు. ఐదు నెలలకు బెల్లంపల్లన్న పేరు ఆ జాబితా నుంచి తీసేశారు. ఇప్పుడు వేరే రేవులో, వేరే టగ్ మీద ఉన్నాడు. పోయే ముందు ఫోన్ చేసి, "పోతున్న" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

నా పేరు జాబితాలో ఉంది. నలభై ఏడేళ్లకే ఎందుకు తిరిగొచ్చావని మెట్‌పల్లిలో అడిగేవాళ్లకు నడుము నొప్పి అని చెబుతాను. మార్కెట్ దగ్గర పసుపు లారీలు తూచే కాటా మీద పనిచేస్తున్నాను. తీసేయమని నేను మళ్లీ ఎవరినీ అడగలేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే వాళ్ల అనుమానంలో తప్పేమీ లేదు. ఆ పడవ మీద ఏడుగురిలో దాడుల తేదీలు, గంటలు, నిమిషాలు రాసిపెట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే.